589తో మొదలై 942కి చేరిన ఇంటర్నెట్ బిల్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

మలక్‌పేటలో మా ఫ్లాట్‌కి ఈ కంపెనీ ఫైబర్ పెట్టించుకున్నది 2019లో. ముందు స్పీడు సంగతి చెప్పేస్తాను: బాగుంది. పెద్ద వాన పడి స్తంభం మీద వైరు తెగితే తప్ప ఆగదు, ఫోన్ చేస్తే సాయంత్రానికి మనిషి వస్తాడు. నా గొడవంతా బిల్లుతోనే.

చేరినప్పుడు ప్లాన్ 499. 18 శాతం జీఎస్టీ కలిపి 589 కట్టేవాణ్ని. ఆటోపే పెట్టుకున్నాక బిల్లు చూడటం మానేశాను, అది నా తప్పే. మొన్న మా బావమరిది పక్క వీధిలోకి మారి అదే కంపెనీలో, అదే స్పీడుకు 599 ప్లాన్ తీసుకున్నాడు. "నువ్వెంత కడుతున్నావు బావా?" అన్నాడు. చూస్తే 942!

కథంతా బిల్లు రెండో పేజీలో ఉంది. 499 కాస్తా రెండు విడతల్లో 699 అయింది. మెసేజ్ పంపామన్నారు. పంపే ఉంటారు, రోజూ వచ్చే ఆఫర్ల గుంపులో. దాని కింద 'అదనపు సేవలు' అని ఇంకో 99. అదేంటయ్యా అంటే, మూడు నెలలు ఉచితమని ఇచ్చిన ఓటీటీ ప్యాక్. గడువు అయ్యాక వద్దని మనమే చెప్పాలట. జీఎస్టీతో నెలకు 117 చొప్పున 14 నెలలు పోయాయి. ఇంట్లో ఎవరూ దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

కస్టమర్ కేర్ అమ్మాయి "సిస్టమ్‌లో అలాగే ఉంది సర్" అన్న మాట దగ్గరే ఉండిపోయింది. సరే, కనెక్షన్ తీసేయండి అన్నాను. వెంటనే ఇంకెవరికో కలిపారు, ఆయన రెండు నిమిషాల్లో 599 ప్లాన్‌కి మార్చేశాడు. అంటే ఆ ధర ఎప్పుడూ ఉన్నదే, పోతానన్నవాడికి. ఓటీటీ డబ్బు కోసం ఫిర్యాదు నంబరు వేసి ఫిర్యాదు తేలకపోతే పైన వినే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి కూడా రాశాను. రెండు నెలలది వెనక్కి వచ్చింది.

అమ్మ కోసం కేబుల్ కూడా ఉంచాం. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి వచ్చినప్పుడు, పే ఛానెల్ ఒక్కటీ కొనకముందే నెట్‌వర్క్ ఫీజు గరిష్ఠంగా 130, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. ఆ 130 పరిమితిని 2024 జూలైలో ఎత్తేశారు. ప్రైవేటు మొబైల్ కంపెనీలు రేట్లు పెంచిందీ ఆ నెలలోనే. 28 రోజుల ప్యాక్‌తో ఏడాదికి 13 రీఛార్జులు చేస్తున్నాం, అది వేరే బాధ. కేబుల్ అతనే నయం, "అన్నా, వచ్చే నెల నుంచి ఇరవై ఎక్కువ" అని గుమ్మంలో నిలబడి చెప్తాడు. బేరమైనా ఆడొచ్చు.

స్పీడు కోసమైతే తీసుకోండి, ఆటోపే మాత్రం పెట్టకండి. నాకిప్పుడు 707 వస్తోంది. ఈ ధర ఆరు నెలల వరకేనట. ఆ తేదీకి వంటింటి క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టాను.