పాత టేపుల కోసం కొన్న ఫైర్‌వైర్ కార్డు: మూడు వారాలు వాడాక

బీరువాలో మినీ డీవీ టేపులు (పాత హ్యాండీక్యామ్‌లలో వేసే చిన్న వీడియో క్యాసెట్లు) దాచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మా చిన్నాన్న కువైట్ నుంచి తెచ్చిన హ్యాండీక్యామ్‌తో తీసిన టేపులు మా ఇంట్లో పద్నాలుగు ఉన్నాయి. 2003 పుష్కరాల్లో రాజమండ్రి రేవులో నానమ్మ స్నానం, ఒక కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో కౌశిక కాలవ దాటుతున్న గంగలకుర్రు ప్రభ (దేవుణ్ని నిలిపి భుజాల మీద మోసే పెద్ద వెదురు కట్టడం), దాన్ని మోసేవాళ్లలో మా నాన్న. నాన్న ఇప్పుడు లేరు, ఆయన గొంతు ఉన్నది ఆ టేపుల్లోనే.

ముందు ఒక స్టూడియోలో ఇస్తే, బొమ్మంతా చదరాలుగా వస్తోంది, టేపులు పోయాయండీ అని తిరిగి ఇచ్చేశారు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. తీరా చూస్తే టేపులు బాగానే ఉన్నాయి. టేపు ఆదా అవుతుందని చిన్నాన్న ఎల్‌పీ (లాంగ్ ప్లే) మోడ్‌లో తీశాడు, 60 నిమిషాల టేపులో 90 నిమిషాలు పట్టేలా. అలా తీసినవి వేరే కెమెరాలో సరిగ్గా ఆడకపోవచ్చు, తీసిన కెమెరాలోనే వేసి చూడాలి. అటక మీద నుంచి మా కెమెరా దించి వేస్తే బొమ్మ వచ్చింది.

దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇంకో తలనొప్పి. కెమెరాకి యూఎస్‌బీ ఉంది కదా అని పెడితే మా మోడల్‌లో చిన్న మసక వీడియో మాత్రమే వస్తోంది. అసలు నాణ్యత కావాలంటే పక్కన డీవీ అని రాసి ఉండే బుల్లి పోర్టు నుంచే తీసుకోవాలి, దానికి కంప్యూటర్‌లో ఫైర్‌వైర్ అనే పోర్టు ఉండాలి. కొత్త కంప్యూటర్లలో అది రావడం లేదు. అందుకే ఆ పోర్టు కోసం సీపీయూ లోపల బిగించే ఈ కార్డు, నాలుగు పిన్నుల నుంచి ఆరు పిన్నుల కేబుల్‌తో కలిపి 1,200 రూపాయల చిల్లరకి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్క జాగ్రత్త, కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపాకే కేబుల్ పెట్టండి, కార్డుకి పెట్టే ఆరు పిన్నుల వైపు తిరగేసి గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు.

విండోస్ 10లో కార్డు కనపడింది గాని కెమెరా కనపడలేదు. రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఫైర్‌వైర్ కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే లెగసీ 1394 (ఫైర్‌వైర్‌కే ఇంకో పేరు) డ్రైవర్ వేసి, డివైస్ మేనేజర్‌లో దాన్ని మనమే ఎంచాలి, కెమెరా ప్లే మోడ్‌లో ఉండాలి, బ్యాటరీ మీద కాకుండా అడాప్టర్ మీద నడవాలి. ఆ తర్వాత విన్‌డీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదటి టేపు కదిలింది. ఇది ఫైలు కాపీ లాంటిది కాదు, గంటన్నర టేపుకి గంటన్నరా కూర్చోవాలి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే.

మొదటి టేపులోనే బొమ్మ ఆగి ఆగి వచ్చింది. ఇక్కడే చాలామంది టేపుని తిట్టుకుని వదిలేస్తారు. అలా చేయకండి, అదే చోటు కెమెరా తెరమీద చూడండి. అక్కడా చదరాలు వస్తే కెమెరాలో టేపుని చదివే హెడ్డు మురికి అయినా కావాలి, టేపు తప్పయినా కావాలి. అక్కడ శుభ్రంగా ఉండి ఫైల్‌లో మాత్రమే తెగుతుంటే తప్పు కంప్యూటర్ వైపు. మాది రెండోదే. యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లోకి కాకుండా లోపలి డిస్క్‌లోకి ఎక్కించి, యాంటీవైరస్ కాసేపు ఆపితే ఒక్క ఫ్రేము కూడా పోలేదు. గంటకి 13 జీబీ దాకా పడుతుంది కాబట్టి చోటు చూసుకోండి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్ అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

మన కోనసీమ తేమకి ఇంకో సంగతి. వాన రోజు ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తెస్తే తడి గుర్తు వెలిగి టేపు తిరగలేదు. గంటసేపు అలా వదిలేస్తే సర్దుకుంది, బలవంతంగా తిప్పితే టేపు లోపల హెడ్డు ఉండే డ్రమ్ముకి అతుక్కుంటుంది. చాలా ఏళ్లుగా కదపని టేపుని ఎక్కించే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చుకోవడం కూడా మంచిది.

కార్డుతో నాకున్న ఫిర్యాదు ఒక్కటే, కేబుల్ మరీ పొట్టిది, కెమెరాని సీపీయూ పక్కనే స్టూలు మీద పెట్టాల్సి వచ్చింది. మిగతా అంతా బాగుంది, నిస్సందేహంగా కొనొచ్చు.

ఐదు టేపులు అయ్యాయి. ఐదోది తీర్థం టేపు, ప్రభ మోస్తూ "అశ్శరభా శరభా" అంటూ నాన్న వేసిన కేక వినపడగానే అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కొంచెం వెనక్కి పెట్టరా, మళ్లీ విందాం" అంది. ఇంకా తొమ్మిది ఉన్నాయి, పండగలోపు పూర్తి చేస్తాను. ఆ తర్వాత కార్డు ఖాళీయే, అంబాజీపేట చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే అడగండి, ఇస్తాను.