చైత్రమాసంలో నా ఐదంగుళాల చెక్క రింగు

2019 డిసెంబరులో కోఠి సుల్తాన్ బజార్‌లో 60 రూపాయలకు, బట్టను రెండు వలయాల మధ్య బిగించి పట్టే ఈ కుట్టుపని రింగు కొన్నాను. ఐదంగుళాలది, ఇత్తడి మర ఉన్నది. అప్పటికే ఇంట్లో పదంగుళాల చెక్క రింగు ఒకటి, ప్లాస్టిక్‌ది ఒకటి ఉన్నాయి. ఇన్నేళ్లు వాడిన మీదట ఏది అక్కరకు వచ్చిందని ఎవరైనా అడిగితే ఈ చిన్నదాన్నే చూపిస్తాను. దాని విలువ నాకు తెలిసింది చైత్రమాసాల్లోనే.

మా ఇంట్లో ఏడాదంతా ఒక ఎత్తు, ఉగాదికీ శ్రీరామనవమికీ మధ్య రోజులు ఒక ఎత్తు. 2025లో మార్చి 30న ఉగాది, ఏప్రిల్ 6న నవమి. అబ్బాయి పదో తరగతి పరీక్షలు ఆ రోజుల్లోనే. ఇల్లు దులపాలి, పచ్చడికి వేపపువ్వు ఏరాలి, అత్తయ్యగారిని కంటి డాక్టరుకు చూపించాలి, ఆపైన భద్రాచలం ప్రయాణం. వీటన్నిటి నడుమ మేనకోడలి రవిక చేతులకు కమల్ కడాయి, అంటే దారాలు అల్లి ఆకులూ పువ్వులూ తీర్చే కుట్టు, కుట్టి ఇస్తానని మాటిచ్చాను. కల్యాణం నాటికి తొడుక్కోవాలని దాని ఆశ.

పదంగుళాల రింగు ఒడిలో పెట్టుకుని కూర్చుంటే లేవబుద్ధి కాదు. సగంలో లేస్తే దాన్ని పెట్టడానికి చోటుండదు. ఐదంగుళాలది అలా కాదు. పప్పు కుక్కర్ మూడు కూతలు వేసేలోపు ఒక ఆకు అల్లి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టేసి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోవచ్చు. అబ్బాయి పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే నేను కుట్టుకునేదాన్ని. వాడు ఏదైనా అడిగిన ప్రతిసారీ సూది ఆపాల్సిందే. చిన్న పని కాబట్టి, ఆపిన చోటు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

కమల్ కడాయి సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే రింగు పట్టు ఎలాంటిదో బయటపడేది ఆ కుట్టులోనే. ఒక్కో ఆకుకు ముందు పోగులు పక్కపక్కనే పరవాలి. తర్వాత ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా, నవారు మంచం అల్లినట్టు అడ్డంగా అల్లుకుంటూ పోవాలి. సూది బట్టలోకి దిగేది అంచుల దగ్గరే. మొనతో దూరిస్తే పరచిన దారం చీలిపోతుంది, అందుకని బెజ్జం వైపు ముందుకు తోస్తాను. బట్ట వదులైందో, అల్లిక దాన్ని లాక్కుని చుట్టూ ముడతలు పెట్టేస్తుంది. బట్ట మీద వేలితో కొడితే మద్దెల మీద కొట్టినట్టు పలకాలి. కొన్న కొత్తలో ఈ రింగు అంత బిగువు ఇచ్చేది కాదు, పట్టుబట్ట జారిపోయేది. లోపలి వలయానికి అరంగుళం వెడల్పు తెల్ల నూలు పట్టీ వాలుగా చుట్టి, చివర కుట్టేశాక ఆ బాధ పోయింది. ఇప్పటికి ఆ పట్టీని రెండుసార్లు మార్చాను. ప్లాస్టిక్ రింగుకూ ఇలాగే చుట్టి చూశాను కానీ, రెండు వేసవులకే అది వంగిపోయి పట్టు వదిలేసింది.

సికింద్రాబాద్ నుంచి కొత్తగూడెం దాకా రైల్లో వెళ్లాం. స్టేషను పేరు భద్రాచలం రోడ్డే అయినా, గుడి అక్కడికి 40 కిలోమీటర్లు. రాత్రి రైల్లో దీపాల వెలుగు అల్లికకు చాలదు. అందుకే ప్రయాణానికి తీగల పని మిగుల్చుకున్నాను: గొలుసుకుట్టు, కాడకుట్టు. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు విడదీసి, మూరెడు పొడవు ముక్కలు ఇంట్లోనే కత్తిరించి అట్టముక్కకు చుట్టుకున్నాను. మూరెడు దాటితే దారం ముడిపడుతుంది, ఎదుటి సీటు వాళ్లకు మోచెయ్యి తగులుతుంది. సూదులు మూడే తీసుకెళ్లాను. పడుకునే ముందు మూడూ లెక్కపెట్టి డబ్బాలో వేశాను. పిల్లలు తిరిగే రైలుపెట్టెలో సూది జారవిడవడం మహాపాపం, ఈ విషయంలో నేను ఎవరినీ నమ్మను.

బస్సులో మాత్రం కుట్టకండి. కొత్తగూడెం నుంచి బస్సెక్కాక, కొంచెమే మిగిలిందని రింగు బయటికి తీశాను. ఒక కుదుపుకు మర నట్టు ఊడి సీట్ల కిందికి దొర్లిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. బస చేసిన గదిలో బయటి వలయాన్ని రిబ్బను ముక్కతో బిగించి కట్టి, ఆఖరి తీగ పూర్తి చేశాను. ఊరికి తిరిగొచ్చాక మా వీధి సైకిల్ షాపులో సరిపడే నట్టు దొరికింది. ఈ రింగులో నేను ఎత్తిచూపే పెద్ద లోపం ఆ మరే. మర చివరను కొద్దిగా అణచి ఇస్తే నట్టు ఊడిపోదు కదా, ఆ మాత్రం శ్రద్ధ తయారుచేసేవాళ్లు పెట్టాలి.

ఇంకో లోపం మరక. రాత్రంతా బట్టను రింగులోనే వదిలేస్తే అంచు వెంట గుండ్రంగా మురికి గీత పడుతుంది, లేతరంగు పట్టు మీద అది ఒక పట్టాన పోదు. పడుకునే ముందు బట్ట విప్పడం నేను అలవాటు చేసుకున్నాను. వానాకాలంలో చెక్క ఉబ్బి వలయాలు బిగుసుకుంటాయి, అప్పుడు గుంజకుండా మర పూర్తిగా వదులు చేయాలి.

మగ్గం పని చేసేవాళ్లకు ఇది పనికిరాదు. వాళ్లకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, బట్ట మొత్తం పరిచి బిగించే చట్రం కావాలి. చీర కొంగంతా నింపాలనుకున్నా నేను పదంగుళాలదే తీస్తాను, అదీ ఆషాఢంలో, ఇల్లు కాస్త నెమ్మదించాక.

నవమి నాడు మిథిలా స్టేడియంలో ఎండకు చెమటలు పడుతుంటే మేనకోడలు రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టింది. కుడి చేతి మీద నాలుగాకుల పువ్వులో మూడో ఆకు కొంచెం సన్నగా ఉంది, కుక్కర్ కూత లెక్క తప్పిన రోజు అల్లింది. అది నాకొక్కదానికే కనబడింది. ఈ ఏడాది అదే రింగు, సైకిల్ నట్టుతోనే, దాని చెల్లెలి రవిక మీద ఉంది.