కళాశాల మారడమా, ఉన్నచోటే డిగ్రీ ముగించడమా: ఏది మేలు?

డిగ్రీ మొదటి సంవత్సరం ముగిసేసరికి, బోధన నచ్చకనో, హాస్టల్ పడకనో, తండ్రికి ఉద్యోగంలో బదిలీ అయ్యో, కళాశాల మారాలనుకునే విద్యార్థులు కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఏటా ఉంటారు. వారి ముందు మూడు దారులున్నాయి. అదే విశ్వవిద్యాలయం పరిధిలోని మరో కళాశాలకు మారవచ్చు, వేరే విశ్వవిద్యాలయం కింది కళాశాలకు వెళ్లవచ్చు, లేదా ఉన్నచోటే డిగ్రీ ముగించి పీజీకి కోరుకున్న చోట చేరవచ్చు.

బీటెక్ వారికి జిల్లా దాటినా చాలా వరకు విశ్వవిద్యాలయం మారదు. మూడు జిల్లాల్లోని ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎక్కువ భాగం అనంతపురం జేఎన్‌టీయూకు అనుబంధంగానే ఉన్నాయి. అయితే అటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కళాశాలల సిలబస్ వాటిదే కాబట్టి, ఏ సబ్జెక్టుకు ఏది సమానమో ముందే తేల్చుకోవాలి. డిగ్రీ వారి పరిస్థితి వేరు. కడప కళాశాలలు యోగి వేమన విశ్వవిద్యాలయం కిందకు, అనంతపురానివి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందకు, కర్నూలు ప్రైవేటు కళాశాలలు రాయలసీమ విశ్వవిద్యాలయం కిందకు వస్తాయి. కర్నూలులోనే ఒక ప్రైవేటు కళాశాల నుంచి సిల్వర్ జూబ్లీ ప్రభుత్వ కళాశాలకు మారినా, అది కొన్ని ప్రభుత్వ కళాశాలలను కలిపి ఏర్పరచిన క్లస్టర్ విశ్వవిద్యాలయంలో భాగం కనుక, ఊరు దాటకుండానే విశ్వవిద్యాలయం మారినట్లవుతుంది. ఈ సంగతి చాలామందికి దరఖాస్తు పెట్టేదాకా తెలియదు.

మొదటి దారి సులభమే. సీటు ఖాళీగా ఉండి, ఇద్దరు ప్రిన్సిపాళ్లూ అభ్యంతరం లేదని రాసిచ్చి, విశ్వవిద్యాలయం అనుమతిస్తే పని జరిగిపోతుంది.

చిక్కంతా రెండో దారిలోనే ఉంది. ఉన్నత విద్యామండలి రూపొందించిన పాఠ్యప్రణాళికను రాష్ట్రమంతటా అనుసరిస్తున్నందువల్ల సిలబస్ దాదాపు ఒకటేనన్న ధైర్యం ఉన్నా, 2023-24 నుంచి వచ్చిన మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మైనర్ (తోడు సబ్జెక్టు) విధానంలో ఆ రెండు సబ్జెక్టుల జోడీ కొత్త కళాశాలలోనూ ఉండి తీరాలి. రసాయనశాస్త్రం మేజర్‌గా, జంతుశాస్త్రం మైనర్‌గా తీసుకున్న విద్యార్థికి, చేరబోయే చోట జంతుశాస్త్రం లేకపోతే సీటు ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. మొదటి సంవత్సరంలో తప్పిన పేపర్లు ఉంటే, వాటిని ఏ విశ్వవిద్యాలయం పరీక్షల్లో రాయాలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందేవారు ప్రభుత్వ వెబ్‌సైట్ జ్ఞానభూమిలో తమ వివరాలు కొత్త కళాశాలకు మారాయో లేదో చూసుకోకపోతే, ఆ ఏడాది ఫీజు చేతి నుంచి కట్టాల్సి రావచ్చు.

అన్నింటికంటే ముఖ్యమైనది పనులు చేసే వరుస. సీటు ఇస్తామన్న లేఖ, విశ్వవిద్యాలయం అనుమతి చేతికి రాకముందే టీసీ తీసుకోకూడదు. ఫోన్‌లో ‘రండి, చూద్దాం’ అన్న మాటను నమ్మి ముందే టీసీ తీసుకున్న విద్యార్థి, అక్కడ అనుమతి రాకపోతే, పాత కళాశాలలోనే తిరిగి చేర్చుకోమని ప్రాధేయపడవలసి వస్తుంది. పాత కళాశాలలో బకాయిలు కట్టి రసీదు తీసుకోవడం, ఇంటర్ మార్కుల మెమోలు, స్టడీ సర్టిఫికెట్, విశ్వవిద్యాలయం మారేందుకు కావలసిన మైగ్రేషన్ సర్టిఫికెట్ అన్నీ ఒకేసారి అడిగి తెచ్చుకోవడం వల్ల మళ్లీ మళ్లీ తిరిగే శ్రమ తప్పుతుంది.

బోధన బాగాలేదన్నది ఒక్కటే కారణమైతే మూడో దారే మేలని నా అభిప్రాయం. మూడేళ్ల డిగ్రీలో మిగిలేది రెండేళ్లు, అందులో కొన్ని నెలలు ఈ కాగితాలకే పోతాయి. ఆ సమయాన్ని పీజీ ప్రవేశ పరీక్ష అయిన పీజీసెట్‌కు కేటాయిస్తే, మంచి ర్యాంకుతో రాష్ట్రంలోని ఇతర విశ్వవిద్యాలయాల్లోనూ సీటు కోరవచ్చు. అనారోగ్యం, ఇంటి అవసరం, హాస్టల్‌లో వేధింపు వంటి కారణాలుంటే మాత్రం ఈ లెక్కలు పక్కన పెట్టి మారవలసిందే. అటువంటప్పుడు కారణానికి ఆధారమైన పత్రాలను దరఖాస్తుకు జతచేసి, కొత్త విద్యాసంవత్సరం తరగతులు మొదలుకాకముందే ఇవ్వడం మంచిది, ఎందుకంటే ఆలస్యంగా చేరిన వారికి తరువాత హాజరు శాతం దగ్గర ఇబ్బంది ఎదురవుతుంది.