క్రాష్ టీమ్ రేసింగ్: వేళ్లు మర్చిపోని ఆట

సిరిమాను పండక్కి విజయనగరం వెళ్తే మా బావ అటక మీంచి పాత ప్లేస్టేషన్ దించాడు. దుమ్ము దులిపి సీడీ వేస్తే తిరిగింది! క్రాష్ టీమ్ రేసింగ్, చిన్న చిన్న బండ్లతో పోటీ పడే రేసింగ్ గేమ్, మేం ఎప్పుడూ సీటీఆర్ అనే పిలిచేవాళ్లం. 1999లో నాటీ డాగ్ వాళ్లు తీసిన గేమ్ ఇది, క్రాష్ బ్యాండికూట్ అనే కార్టూన్ పాత్రతో వాళ్లు చేసిన ఆఖరి గేమ్ కూడా ఇదే. మాకు పరిచయం అయింది మాత్రం గంటస్తంభం దగ్గర సందులో, గంటకు 10 రూపాయలు తీసుకునే వీడియో గేమ్ షాపులో. ట్యూషన్‌కి ఇచ్చిన డబ్బులు అక్కడే అయిపోయేవి.

కథ చిన్నది. నైట్రోస్ ఆక్సైడ్ అనే గ్రహాంతరవాసి వచ్చి, రేసులో తనని ఓడించకపోతే భూమి మొత్తాన్ని పార్కింగ్ స్థలం చేసేస్తానంటాడు. ఆఖర్లో వాడితో పోటీ పడితే, పచ్చ లైటు వెలక్కముందే బయలుదేరిపోతాడు. అప్పట్లో నాకు వాడి మీద వచ్చినంత కోపం ఏ సినిమా విలన్ మీదా రాలేదు.

కానీ ఈ గేమ్‌ని ఇన్నేళ్లు మనసులో పెట్టుకోవడానికి కారణం కథ కాదు, మలుపులు. మలుపు దగ్గర రిమోట్ మీద ఆర్1 బటన్ నొక్కితే బండి చిన్నగా ఎగిరి పక్కకి జారుతుంది, దాన్ని అలాగే నొక్కిపట్టి ఉంటే పక్కన మీటర్ నిండుతూ ఎర్రబడుతుంది, వెనక పొగ నల్లగా మారుతుంది, సరిగ్గా అప్పుడు ఎల్1 కొడితే బండి ముందుకి దూకుతుంది, దీన్నే బూస్టు అంటాం. ఒకే జారుడులో ఇలా మూడుసార్లు కొట్టొచ్చు. తొందరపడితే చిన్న ఊపే వస్తుంది, ఆలస్యమైతే ఢాం అని పొగ కక్కి చప్పబడిపోతుంది. ఇంత చిన్న విషయం మీద ఆట మొత్తం నిలబడింది. మిస్సైళ్లు, టీఎన్‌టీ పెట్టెలు, బాంబులు అన్నీ ఉన్నాయి, 10 వుంపా పళ్లు ఏరుకుంటే అవి ఇంకా పవర్‌ఫుల్ అవుతాయి. నెత్తిన టీఎన్‌టీ పెట్టె పడితే ఎగిరెగిరి దులుపుకోవాలి, ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ ఇష్టం. అయినా గెలిచేది మలుపులు బాగా తిప్పినవాడే. అదృష్టం మీద వదిలేయకుండా, నేర్చుకున్నకొద్దీ ఫలితం ఇచ్చే గేమ్ అందుకే ఇది.

ఒక్క మాట, పాత మెషీన్‌ని కొత్త టీవీకి పెట్టి ఆడాలనుకుంటే ముందు టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. మేం హాల్లో పెద్ద టీవీకి పెడితే బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తోంది, నొక్కిన ప్రతి బూస్టూ తప్పిపోతోంది. ముసలివాళ్లం అయిపోయామేమో అని నిజంగా బెంగపడ్డాం. తర్వాత మామ్మ గదిలో ఉన్న డబ్బా టీవీకి మార్చాం, అంతే, వేళ్లు వాటంతట అవే పాత లెక్క అందుకున్నాయి.

2019లో బీనాక్స్ వాళ్లు నైట్రో-ఫ్యూయల్డ్ అని మళ్లీ తీశారు, పాత ట్రాకులన్నీ ఉన్నాయి, బొమ్మలు కళ్లు చెదిరేలా ఉన్నాయి, నేను అది కూడా కొన్నాను. కానీ రేసుకీ రేసుకీ మధ్య లోడింగ్ కోసం కూర్చోవాలి, అది నాకు నచ్చలేదు. మొదటిసారి ఆడేవాళ్లకి అది చాలు. పాతది ఉన్నవాళ్లు మాత్రం దాన్ని పారేయకండి.

బండి నడిపే పాత్రల్లో కొత్తవాళ్లు టైనీని, డింగోడైల్‌ని తీసుకోవద్దు, స్పీడ్ ఉంటుంది కానీ తిరగరు. పోలార్ గానీ పూరా గానీ తీసుకోండి, మలుపులో చెప్పినట్టు వింటాయి. ఎనిమిదేళ్ల మా మేనల్లుడికి నేను అదే చెప్పాను. పోలార్‌తో వరసగా ఆరు రేసులు ఓడిపోయాడు, ఏడో దాంట్లో కోకో పార్క్ అనే ట్రాక్ మలుపులో మూడు బూస్టులూ కొట్టేశాడు. "మామా, చూశావా, మూడూ పడ్డాయి!" అని రేసు మధ్యలోనే రిమోట్ కింద పెట్టేసి, వాళ్లమ్మకి చెప్పడానికి వంటింట్లోకి పరిగెత్తాడు.