పుండు మీద జెల్ చుక్కలా, కొత్త చర్మపు షీట్లా: ఏది మేలు?

డిస్ట్రోఫిక్ ఎపిడెర్మోలిసిస్ బులోసా అనే పుట్టుకతో వచ్చే చర్మ జబ్బు ఉన్న పసిపాపను చంకల్లో చేతులు పెట్టి ఎత్తుకోకూడదు. ఆ కాస్త ఒరిపిడికే చర్మం ఊడొస్తుంది. లోపం సీఓఎల్7ఏ1 జన్యువులో ఉంది. పై చర్మాన్ని కింది పొరకు కొక్కేల్లా పట్టి ఉంచే ఏడో రకం కొల్లాజెన్ ఈ జన్యువు నుంచే తయారవుతుంది. ఆ జన్యువు మంచి ప్రతిని నేరుగా పుండుకే అందించే చికిత్సలు ఇప్పుడు రెండున్నాయి.

వైజువెక్ జెల్‌కు 2023 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. హెర్పిస్ వైరస్‌ను పెరగలేకుండా చేసి, జన్యువును అందులో పెట్టారు. వారానికోసారి పుండు మీద చుక్కలుగా వేసి కట్టు కడతారు. కోత లేదు, మత్తు లేదు. అయితే ఆ జన్యువు మన క్రోమోజోముల్లో కలవదు. కణాలు రాలిపోతే అదీ పోతుంది, కాబట్టి మళ్లీ మళ్లీ వేయాల్సిందే.

2025 ఏప్రిల్‌లో అనుమతి పొందిన జెవాస్కిన్ దారి వేరు. రోగి చర్మం నుంచే చిన్న ముక్క తీసి, ఆ కణాల్లోకి రెట్రోవైరస్‌తో జన్యువును ఎక్కించి, క్రెడిట్ కార్డంత షీట్లుగా పెంచుతారు. ఆపరేషన్ చేసి పుండు మీద అతికిస్తారు. ఇక్కడ జన్యువు క్రోమోజోములోనే చేరిపోతుంది. ఏళ్ల తరబడి నిలుస్తుందన్న ఆశ అందుకే, క్యాన్సర్ విషయంలో కనిపెట్టి ఉండాల్సిందీ అందుకే: చేరరాని చోట చేరితే కణం అదుపు తప్పవచ్చు. ఈ జబ్బులో రెసెసివ్ రకానికి, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న ప్రతులే వచ్చినవారికి, చర్మ క్యాన్సర్ ముప్పు ముందే ఎక్కువ.

అంకెల దగ్గర తల్లిదండ్రులు పొరబడకూడదని నా ఆరాటం. జెల్ పరీక్షలో ఆరు నెలలకు 67 శాతం పుండ్లు మూతపడ్డాయి, మందు లేని జెల్ వేసినవాటిలో 22 శాతమే. షీట్ల పరీక్షలో 81 శాతం, మామూలు కట్లతో 16 శాతం. 81 పెద్దది కదా అనిపిస్తుంది. కానీ మొదటిది పూర్తిగా మానిన పుండ్ల లెక్క, రెండోది కనీసం సగం మానినవాటి లెక్క. పైగా షీట్లు వేసినవి ఏళ్లుగా మానని పెద్ద పుండ్లు.

నన్నడిగితే ముందు జెల్లే. అది డామినెంట్ (లోపమున్న ప్రతి ఒక్కటున్నా వచ్చే రకం), రెసెసివ్ రెండు రకాలకూ పనికొస్తుంది. షీట్లు రెసెసివ్‌కే, కాబట్టి జన్యు పరీక్షలో రకం తేలకుండా వాటి ఊసే వద్దు. జెల్‌తో నెలలు గడిచినా వీపు మీదో భుజం మీదో వెడల్పాటి పుండు మూతపడకపోతే, అప్పుడు ఆపరేషన్ బాధకు అర్థముంది. అన్నవాహికలో లేచే బొబ్బలకు మాత్రం ఈ రెండూ అందవు. ముద్ద దిగక పిల్లలు పడే యాతన వీటితో తీరదు.