పక్క తలుపు వకీలు ఇల్లు: బోస్టన్, క్విన్సీల్లో రెండు రోజులు

గుంటూరులో ఇంటి ముందు గదినే ఆఫీసుగా చేసుకుని ముప్ఫై ఏళ్ళుగా వకీలుగా ప్రాక్టీసు చేస్తున్నాను. అందుకే న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి ఈ జూన్‌లో బోస్టన్ తీసుకెళ్తానంటే నేను అడిగింది ఒకటే, వకీలుగా మొదలై అమెరికా రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ఇల్లు చూపించమని. వాడేమో తిమింగలాలు చూపించే పడవలకి టికెట్లు వెతుకుతున్నాడు.

బోస్టన్ డౌన్‌టౌన్ హోటల్ రేట్లు చూసి గుండె జారి, పక్కనే క్విన్సీలో ఒక చిన్న మోటెల్ తీసుకున్నాం. గది శుభ్రం, పార్కింగ్ ఫ్రీ, అక్కడితో సరి. బ్రేక్‌ఫాస్ట్ ఉందన్నారు గానీ ఎనిమిదింటికి వెళితే రెండు అరటిపళ్ళు, చల్లారిన కాఫీ మిగిలాయి. కోడలు డబ్బాలో పెట్టిచ్చిన పులిహోరే ఆదుకుంది.

మొదటి రోజు బోస్టన్‌లో ఓల్డ్ స్టేట్ హౌస్, అంటే బ్రిటిష్ కాలం నాటి ప్రభుత్వ భవనం. అదే టికెట్ మీద ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్ కూడా చూడొచ్చు కాబట్టి గిట్టుబాటే. బయట రాళ్ళు గుండ్రంగా పేర్చిన గుర్తు ఒకటుంది, దాని మీద నిలబడి అందరూ సెల్ఫీలు. 1770 మార్చి 5 రాత్రి బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో ఐదుగురు చనిపోయినదానికి గుర్తు అది. ఊరు ఊరంతా మండిపోతుంటే ఆ సైనికుల తరఫున వకాలత్ తీసుకున్నవాడు ఆడమ్స్, అప్పటికి 34 ఏళ్ళు. కెప్టెన్ ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురు విడుదల, మిగతా ఇద్దరికీ హత్య కాస్తా మన పాత ఐపీసీ 304 (హత్య కిందకి రాని ప్రాణహరణం) లాంటిదానికి దిగి, బొటనవేలి మీద వాతతో పోయింది. సైనికుల కేసు జ్యూరీలో బోస్టన్ వాడు ఒక్కడూ లేడు, కేసు సగం అక్కడే గెలిచినట్టు. ఇంతా చేసి ఆయనకి ముట్టింది 18 గినీలు. "అంటే ఎంత నాన్నా?" అన్నాడు మావాడు. తక్కువేలే అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు రెడ్ లైన్ మెట్రోలో కబుర్లలో పడి ఆష్‌మాంట్ రైలెక్కేశాం. క్విన్సీకి బ్రెయిన్‌ట్రీ రైలే ఎక్కాలి, జేఎఫ్‌కే యూమాస్ దగ్గర లైను రెండుగా చీలుతుంది. వెనక్కి వచ్చేసరికి ముప్పావు గంట పోయింది.

రెండో రోజు క్విన్సీ. ఫ్రాంక్లిన్ స్ట్రీట్‌లో పక్కపక్కనే రెండు చెక్క ఇళ్ళు, మధ్య దూరం 75 అడుగులు. ఒకదాంట్లో 1735లో తండ్రి పుట్టాడు, రెండోదాంట్లో 1767లో కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్. ఇద్దరూ అధ్యక్షులయ్యారు. లోపల సామాను నకళ్ళే, అది కాస్త నిరాశ. కానీ రెండో ఇంట్లో మూల గది ఉంది చూశారూ, దాని కోసమైనా వెళ్ళాలి. అదే ఆయన లా ఆఫీసు. క్లయింట్లు ఇంట్లోంచి నడవకుండా రోడ్డు మీంచి నేరుగా రావడానికి, కిటికీ ఉన్న చోట తలుపు పెట్టించుకున్నాడు. గైడు ఆ మాట చెప్పి ముందుకెళ్ళిపోయింది గానీ నేను కదల్లేదు. మా ఆవిడ పోరు పడలేక నేనూ 1998లో వరండా గోడ కొట్టించి ఇదే పని చేశాను, లేకపోతే పొద్దున ఆరింటికే హాల్లో చెప్పుల జతలు! బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రపు రాజ్యాంగం చిత్తుప్రతి 1779లో ఆడమ్స్ చేతుల మీదుగా తయారైంది ఈ మూల గదిలోనే. 1780 నుంచి, సవరణలతో, ఇప్పటికీ అదే నడుస్తోంది. అమెరికా రాజ్యాంగం రాసింది 1787లో, అంటే ఇది దానికంటే ముందుదన్నమాట.

అసలు సామాను చూడాలంటే పీస్‌ఫీల్డ్‌కి వెళ్ళాలి, 1787లో ఆడమ్స్ కొన్న పెద్ద ఇల్లు. 1826 జులై 4న ఆయన పోయింది ఇక్కడే, ఆయన తర్వాత అధ్యక్షుడైన జెఫర్సన్ కూడా అదే రోజు పోయాడు. ఇంట్లో గదుల మధ్య గైడు పరుగులు పెట్టించింది, తోటలోని రాతి లైబ్రరీ మాత్రం నిదానంగా చూడనిచ్చారు. కొడుకుగారి పుస్తకాలు వేలల్లో, నేల నుంచి కప్పు దాకా. ఊళ్ళో చర్చి కింద నేలమాళిగలో తండ్రీకొడుకులు, వాళ్ళ భార్యల సమాధులు ఉన్నాయి, పావుగంట చాలు.

ఇళ్ళు చలికాలంలో మూసేస్తారు, లోపలికి గైడుతోనే పంపిస్తారు, కాబట్టి టైమింగ్స్ చూసుకునే బయల్దేరండి. పీస్‌ఫీల్డ్‌కీ ఆ చిన్న ఇళ్ళకీ మధ్య దూరం ఉంది, మేం క్యాబ్ తీసుకున్నాం.

ఆ పక్క తలుపు ఫోటో వాట్సాప్‌లో మా ఆవిడకి పంపించాను. "మన తలుపుకి రంగెప్పుడు వేయిస్తారు?" అని జవాబొచ్చింది.