ఒంగోల్లో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు: ఒక అటెండర్ రివ్యూ

ముందు నేనెవరో చెప్పాలి. లేకపోతే ఈ వయసులో ఈయనకి స్పోకెన్ ఇంగ్లీష్ ఎందుకని అనుమానం వస్తుంది. నేను ఒక జూనియర్ కాలేజీలో అటెండర్ని. ఇప్పుడు కాగితాల మీద 'ఆఫీస్ సబార్డినేట్' అని రాస్తున్నారు గానీ, లెక్చరర్లకీ పిల్లలకీ మా పాలవాడికీ నేను అటెండర్నే. గంట కొట్టడం, హాజరు పట్టీలు క్లాసులకి తిప్పడం, టపా అందజేయడం నా పని.

పోయిన వేసవిలో మా ఆవిడకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. నర్సమ్మ బయటికొచ్చి "ఈ పేషెంట్ తాలూకు అటెండర్ ఎవరండీ?" అంది. నా ఉద్యోగం సంగతి ఈమెకెలా తెలిసిందబ్బా అనుకుంటూనే "నేనేనమ్మా, జూనియర్ కాలేజీలో" అన్నాను. వరండా అంతా నవ్వింది. సంగతి విని మా ఆవిడ కుట్లు పట్టుకుని మరీ నవ్వింది. ఆ వారమే మా అమ్మాయి నన్ను తీసుకెళ్లి ఈ క్లాసులో చేర్పించింది. 45 రోజులు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర, ఫీజు 2,500 రూపాయలు.

సంస్థ పేరు రాయను. బాగాలేనివి ముందు చెప్పేస్తాను. బ్యాచ్‌కి 15 మందే అన్నారు, 38 మందిమి ఇరుక్కుని కూర్చున్నాం. ఏసీ ఉంది, దాని రిమోట్ మాత్రం ఆఫీసు సొరుగులో ఉంటుంది. మెటీరియల్ అని ఇచ్చిన జిరాక్స్ పుస్తకంలో 17 నుంచి 20 దాకా పేజీలు లేవు. అడిగితే "అవంత ఇంపార్టెంట్ కాదండీ" అన్నారు. వారంలో నాలుగు రోజులు ఒక కుర్రాడు వచ్చి, వీకెండ్ ఎలా గడిచిందో పక్కవాళ్లని ఇంగ్లీషులో అడగమంటాడు. నా పక్కన కూర్చునే నర్సింగ్ అమ్మాయికి నా ఆదివారం మొత్తం కంఠతా వచ్చేసింది. గుమ్మం దగ్గర వేలిముద్ర మిషన్ ఉంది. దానికి నా వేలు ఒక పట్టాన ఆనదు. క్లాసులో కూర్చుని ఉండగానే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేది: "డియర్ పేరెంట్, మీ అబ్బాయి ఈరోజు క్లాసుకి రాలేదు."

ఇక మంగళ, శుక్రవారాలు. ఆ రెండు రోజులూ వేరే సార్ వస్తారు. మనిషి నెమ్మది, వయసులో నాకంటే చిన్న. నా ఆసుపత్రి కథ విని ఆయన నవ్వలేదు. ఆ రోజు పాఠం పక్కనపెట్టి, ఈ ఒక్క మాట మీదే రెండు క్లాసులు చెప్పారు.

లాటిన్‌లో 'టెండెరె' అంటే చాచడం, సాగదీయడం అట. దానికి ముందు 'అడ్' చేరితే ఒక వైపుకి చాచడం, అంటే మనసుని అటు సారించడం. అదే అటెండ్. ఆయన రబ్బరు బ్యాండు లాగి చూపించారు. లాగితే బిగుసుకుంటుంది కదా, ఆ బిగువే టెన్షన్. అటెన్షనూ టెన్షనూ ఒక ఇంటి పిల్లలేనని నాకప్పుడే తెలిసింది. కాంట్రాక్టర్లు వేసే టెండర్ కూడా ఆ ఇంటిదే. టెండర్ కోకోనట్‌లో టెండర్ మాత్రం లాటిన్‌లోని ఇంకో మాట నుంచి వచ్చింది.

వాడుక ఇంకా బాగా చెప్పారు. పెళ్లికి వెళ్లామంటే 'అటెండెడ్ ద వెడ్డింగ్', మధ్యలో 'టు' రాకూడదు. రోగిని చూసుకోవడమైతే మామూలుగా 'అటెండ్ టు', అక్కడ 'టు' పెడతారు. అంటే పెళ్లిలో 'టు' పెడితే వంటపని నెత్తిన పడినట్టే అని నేను గుర్తుపెట్టుకున్నాను. నర్సమ్మ అడిగింది రోగిని చూసుకునే మనిషిని. ఇంగ్లీషువాళ్లు అటెన్షన్ 'పే' చేస్తారు, మనం శ్రద్ధ పెడతాం. "మరి వాళ్లకి బాకీ పడితే వడ్డీ ఉంటుందా సార్?" అని నర్సింగ్ అమ్మాయి అడిగింది.

అటెన్షన్‌కి తెలుగేమిటంటే అందరం శ్రద్ధ అన్నాం. "అవధానం కూడానండీ" అన్నారు సార్. ఆగస్టు 15న ఎన్‌సీసీ పిల్లలకి అరిచే 'సావధాన్'లో ఉన్నదీ అదేనట. నాకు చప్పున మా కాలేజీలో జరిగిన అష్టావధానం గుర్తొచ్చింది. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరు ఉండుండి గంట కొడతారు, మిగతావాళ్ల ప్రశ్నల మధ్యే అవధాని ఆ లెక్క మనసులో ఉంచుకోవాలి. ఆ రోజు గంట నన్నే కొట్టమన్నారు, రోజూ కొట్టేవాడిని కదా అని. నేను ఏడెనిమిది కొట్టాక లెక్క మర్చిపోయి, సమస్యాపూరణం వింటూ కొట్టుకుంటూ పోయాను. చివర్లో అవధాని గారు 31 అన్నారు. తెలుగు మేడమ్ కాగితం మీద పెట్టుకున్న గీతలు కూడా 31. క్లాసులో ఈ సంగతి ఇంగ్లీషులో చెప్పమన్నారు సార్. పది నిమిషాలు పట్టింది గానీ చెప్పాను.

ఒక్క దగ్గర సార్‌తో నాకు కుదరలేదు. అటెండర్ అనడం తప్పు, అటెండెంట్ అనాలి అన్నారు. ఆయన తర్వాతి క్లాసుకి నా 1994 నాటి అపాయింట్‌మెంట్ ఆర్డర్ లామినేషన్ కాపీ పట్టుకెళ్లాను. టైపు మిషన్ అక్షరాల్లో 'అటెండర్' అనే ఉంది. చూసి, "ఇండియాలో ఇది రైటే బాబాయ్ గారూ" అన్నారు. ఆ మాట బోర్డు మీద కూడా రాశారు.

చేరాలనుకునేవాళ్లు ఫీజు కట్టేముందు మంగళవారం వెళ్లి డెమో క్లాసు అడగండి. ఆ సార్ ఉంటే చేరండి, లేరంటే డబ్బు దండగ. కిటికీ పక్కన కూర్చోండి, ఏసీ మీద ఆశ పెట్టుకోకండి. నా కోర్సు అయిపోయి పది రోజులైంది. మా అబ్బాయి క్లాసుకి రావడం లేదని నాకు ఇంకా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.